మామగారి పేరున్న బండి

అత్తగారిని పక్కకి ఒత్తిగిలించి తడిసిన దుప్పటి లాగబోతే యామిని నడుం కలుక్కుమంది. మంచం కోడు పట్టుకుని అలాగే కూలబడింది. తాయారమ్మకి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఎత్తడం, కడగడం, తినిపించడం అన్నీ యామినివే. జగ్గయ్యపేట బజారంతా ఆమెను బంగారంలాంటి కోడలంటుంది. ఆ బంగారానికి నడుం ఉంటుందని మాత్రం ఎవరికీ తోచదు.

కిటికీలోంచి వెనక వీధి కనిపిస్తోంది. మంచాన పడ్డవాళ్ళకి ఇంటికొచ్చి సేవ చేసే నర్సుల బండి బుధవారం బుధవారం నందిగామ నుంచి వస్తుంది. ఇప్పుడది టీచరు బేబి వాళ్ళింటి ముందు, మంచాన ఉన్న ఆవిడ మామగారి కోసం ఆగి ఉంది. బండి మీద 'కీ.శే. కోటిలింగం గారి జ్ఞాపకార్థం' అని పెద్ద పెద్ద అక్షరాలు. కోటిలింగం యామిని మామగారే. బండి కొనిచ్చింది ఆమె భర్త శ్రీకర్. అయినా అది ఈ గుమ్మం ముందు ఒక్కసారీ ఆగలేదు. "మనది పెట్టే చెయ్యేగానీ చాచే చెయ్యి కాదు. పైగా వచ్చేవాళ్ళంతా చర్చి వాళ్ళు. మా అమ్మ మడి సంగతి నీకు తెలియనిదా?" అన్నాడు శ్రీకర్. తెలియకేం, ఆ మడినీళ్ళు మోసేదీ తనేగా. మామగారికి నర్సుని పిలిస్తే పరువు పోతుందన్న ఆలోచనే బేబి వాళ్ళింట్లో లేదు. చర్చి ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చి కూర్చుంటారు, బేబి నిశ్చింతగా బడికెళ్ళి పాఠాలు చెప్పి వస్తుంది. ఆమెను చూసి ఎంత కుళ్ళుకుందో యామినికే తెలుసు.

ఇవాళ ఇక లేవలేకపోయింది. బేబికి ఫోన్ చేసి నర్సుని పంపమంది.

"గడప దాటనిస్తారాండీ?" అంది బేబి మెల్లగా.

యామినికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "రమ్మనండి బేబిగారూ. మీరూ రండి," అంది.

నర్సు గ్రేసీ, బేబి చెరోవైపు దుప్పటి పట్టుకుని తాయారమ్మని ఒక్క ఊపున జరిపారు. గ్రేసీ ఒళ్ళు తుడిచి, వీపు మీది పుండ్లకి మందు రాసింది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు శాపనార్థాలు పెడుతుంది అని యామిని ఊపిరి బిగబట్టి అత్తగారి మొహమే చూస్తోంది.

తాయారమ్మ హాయిగా కళ్ళు మూసుకుంది. కాసేపటికి కోడలి వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ పిలవలేదేమే? నువ్వెత్తినప్పుడల్లా ఎక్కడ పడేస్తావోనని నా పైప్రాణాలు పైనే పోయేవి," అంది ముద్దముద్దగా.

యామినికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిణ్ణి ఎవరూ అడగనే లేదు. ఇన్నాళ్ళూ తను కాపలా కాసింది అత్తగారి మడికి కాదు, శ్రీకర్ పరువుకి. గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చిన శ్రీకర్ సంగతి విని మొహం గంటు పెట్టుకున్నాడు. రేపు బజార్లో ఎలా తలెత్తుకోవాలన్నాడు. యామిని పక్క మీద నుంచి లేవలేదు.

"బండి వచ్చే బుధవారం కూడా వస్తుందండీ. ఆ పూట కొట్టు మూసి ఇంట్లో ఉండండి," అంది నెమ్మదిగా. "అత్తయ్యగారిని ఎత్తడం గ్రేసీ మీకు నేర్పుతుంది."