తర్వాత అనే బటన్

నాకు కళ్ళు కనిపించవు. జాలి కోసం చెప్పడం లేదు. ముందే చెప్పేస్తే మధ్యలో "అయ్యో, తెలియలేదండీ" అనే తంటా ఉండదని చెబుతున్నాను. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటలు విని రిపోర్టులు టైపు చెయ్యడం నా పని. ఎడమ చెవిలో డాక్టరు, కుడి చెవిలో కంప్యూటరు. నేను కొట్టిన ప్రతి మాటనూ అది తిరిగి చదివి వినిపిస్తుంది. సగం నమిలి సగం మింగేసే ఆ మందుల పేర్లను పదిహేడేళ్ళుగా పట్టుకుంటున్నాను.

కంప్యూటరు గొంతుకు బొంగురోడని పేరు పెట్టుకున్నాను. జలుబు చేసిన మనిషి డబ్బాలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. పని తెమలాలని బాగా వేగం పెంచి వింటాను. ఎవరైనా ఇంటికొస్తే, "ఇదేంటండీ, తిడుతోందా?" అని అడుగుతారు. ఎవరైనా అంటే కరెంటు మీటరు చూసే మనిషే. ఇంకెవరూ రారు.

బొంగురోడిలో ఒక సౌకర్యం ఉండేది. ఆన్ చేసినప్పుడూ ఆపినప్పుడూ ఏం పలకాలో మనమే రాసిపెట్టుకోవచ్చు. సాయంత్రం ఆరింటికి నేను ఆపగానే, "ఇంక చాలు అక్కా, లేచి ఏమైనా తిను" అనేవాడు.

ఆ మాట నా చెల్లెలిది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ ఆరింటికి వచ్చి, నా చెవుల్లోవి లాగేసి, అదే మాట అనేది. నలభయ్యో ఏట పెళ్ళి చేసుకుని వెళ్తూ నన్నూ తమతో వచ్చెయ్యమంది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "నాకు కంప్యూటరుంది, నువ్వెందుకు?" అన్నాను. అది ఏడుస్తూ మెట్లు దిగింది. వారం తిరక్కుండా ఆ మాట టైపు చేసి బొంగురోడికి అప్పగించాను. ఆ సంగతి చెల్లెలికి ఇప్పటికీ తెలియదు. ఆరేళ్ళయింది. తను నెలకోసారి ఫోన్ చేస్తుంది, బాగున్నావా అంటే బాగున్నానంటాను. మిగతా లోకానికి నేను మేడమ్‌ని.

రెండేళ్ళుగా ఒక అప్‌డేట్ వస్తానంటోంది. దాంతో పాత గొంతు పోయి కొత్తది వస్తుందని నాలాంటి వాళ్ళం ముందే చెప్పుకున్నాం. "ఇప్పుడా, తర్వాతా?" అని అడిగినప్పుడల్లా తర్వాత అనే బటనే నొక్కాను. వందలసార్లు నొక్కి ఉంటాను.

మొన్న సోమవారం పొద్దున్న కూర్చోగానే, "అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అన్నాడు బొంగురోడు. పక్క బటన్‌కి జరిపే ట్యాబ్ మీట కొట్టాను. "ఇప్పుడు" అన్నాడు. మళ్ళీ కొట్టాను. "ఇప్పుడు." వెనక్కి తిప్పాను. "ఇప్పుడు." తర్వాత అనేది లేదు. పాపం, తనను తీసెయ్యడానికి వచ్చిన కబురు తనే చదువుతున్నాడు.

"పది నిమిషాల్లో దానంతటదే మొదలవుతుంది."

ఒళ్ళు మండిపోయింది. ఇల్లు నాది, బల్ల నాది, యంత్రం నాది. ఎక్కడో కూర్చున్నవాళ్ళు నన్ను ఒక్క మాటైనా అడగరా? వెంటనే భయమూ వేసింది. ఆపేస్తే ఆ మాట ఆఖరిసారి వినొచ్చని ఆపే మెనూ తెరిచాను. అక్కడా "అప్‌డేట్ చేసి ఆపు" అన్నది ఒక్కటే మిగిలింది. అదే నొక్కాను, అంటాడేమోనని. అనలేదు. ఏమీ అనకుండా ఆగిపోయాడు. ఫోన్లో రికార్డు చేసుకుని ఉండాల్సింది. రోజూ వినే మాటను ఎవరు దాచుకుంటారు?

చూపున్నవాళ్ళకు ఎంత శాతం అయిందో తెరమీద కనిపిస్తుందట. నేను మాత్రం యంత్రం మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. వేడిగా ఉంటే పని జరుగుతోందన్నమాట. నలభై నిమిషాలు ఇంట్లో మాటన్నది లేదు. చల్లబడ్డాక మళ్ళీ ఆన్ చేశాను.

"స్వాగతం! మీకోసం మరింత మెరుగైన అనుభవం!" అంది ఒక అమ్మాయి. విమానంలో బెల్టు పెట్టుకోమనే గొంతు. నాకు అన్నీ నేర్పిస్తానంది. మీరు, మీకు, మీ సౌలభ్యం.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ఎత్తినాయన మీద ఇంతెత్తున లేచాను.

"ఫైళ్ళేమైనా పోయాయా మేడమ్?"

"అన్నీ ఉన్నాయి."

"మరి ఏం పోయింది మేడమ్?"

"ఆపేటప్పుడు ఒక మాట అనేది."

"ఏ మాట మేడమ్?"

చెప్పాను. యాభై ఆరేళ్ళదాన్ని, ముక్కూమొహం తెలియని మనిషికి ఆ మాట అప్పజెప్పాను. ఆయన ఏవో మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. "ఆ సౌకర్యం తీసేశారు మేడమ్. పాతదానికి వెళ్ళే దారి కూడా లేదు. మీ భద్రత కోసమే." చివరి ముక్క చదివినట్టు అన్నాడు. తన సేవకు ఐదు మార్కులకు ఎన్నిస్తారని అడిగితే ఐదూ ఇచ్చాను. ఆయనేం చేశాడు పాపం.

ఐదున్నరకు చెల్లెలికి ఫోన్ చేశాను. నేనుగా చెయ్యడం ఆరేళ్ళలో అదే మొదలు.

"హలో, చెప్పు. ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నా. కంప్యూటరు అప్‌డేట్ అయింది."

"మంచిదేగా?"

"గొంతు మారింది."

"కొత్తది బాలేదా?"

"బాగానే ఉంది. స్పష్టంగా ఉంది."

అవతల గిన్నెల చప్పుడు. ఎవరో నవ్వుతున్నారు. "పొయ్యి మీద పెట్టొచ్చాను. ఇంకేమైనా చెప్పాలా?"

చెప్పాలి. ఆరేళ్ళుగా రోజూ సాయంత్రం నీ మాటతోనే కుర్చీలోంచి లేస్తున్నాననీ, ఇవాళ అది పోయిందనీ, నువ్వెందుకని ఆ రోజు నేనన్నది అబద్ధమనీ చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

"తర్వాత చెప్తాలే," అన్నాను.

"సరే, ఉంటా మరి."

ఆరయింది. కంప్యూటరు ఆపాను. "మీ పరికరం ఆగుతోంది. దయచేసి వేచి ఉండండి" అందా అమ్మాయి. వేచి ఉన్నాను. యంత్రంలోని ఫ్యాను చప్పుడు కూడా ఆగింది.

"ఇంక చాలు అక్కా, లేచి ఏమైనా తిను," అన్నాను పైకే. గొంతు బొంగురుగా వచ్చింది.

లేవలేదు.