ఎర్ర ముడి ఉన్న వైరు బుట్ట

నేనొక వైరు బుట్టను. మొహం అలా పెట్టకండి, మీ ఇంట్లోనూ అటక మీద నాలాంటిది ఒకటి పడే ఉంటుంది. నన్ను కాకినాడలో నూకరత్నం అల్లింది. పిడి దగ్గరకొచ్చేసరికి ఆకుపచ్చ వైరు అయిపోతే, పక్కింటావిడ దగ్గర ఎర్ర ముక్క అడిగి ముడేసింది. ఆ అతుకు చూసుకుని సిగ్గుతో చచ్చేదాన్ని. ఆమెకు మాత్రం నేనంటే ప్రాణం. బజారుకెళ్తే సొరకాయను గోటితో గిచ్చి, ప్రతి బెండకాయకూ కొన విరిచి, కూరలవాడి చేత తిట్లు తిని మరీ లేతవే ఏరి నాలో వేసేది.

మొగుడు పోయాడు. అద్దె గది ఖాళీ చేయించారు. హైదరాబాదులో హిమజగారింట్లో వంటకు కుదిరి, నన్ను చంకన పెట్టుకుని వచ్చేసింది. ముప్పయ్యో అంతస్తులో ఇల్లు. వంటగది వెనక, పడుకుంటే కాళ్లు గోడకు తగిలే గది ఇచ్చారు. నెల రోజులు చూస్తాం, నచ్చితేనే ఉంచుకుంటాం అన్నారు. వద్దంటే వెళ్లడానికి ఆమెకు వేరే గూడు లేదు. ఆ నెలంతా అమ్మగారి కళ్లలోకి చూసి కూర దించేది.

నెలాఖరు ఆదివారం ఇంట్లో విందు. ముందు రోజు హిమజ, ఇద్దరు స్నేహితురాళ్లు ఆమెను కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి తీసుకెళ్లారు. చెప్పులు విప్పాలేమోనని నూకరత్నం గుమ్మంలోనే ఆగిపోయింది. గార్డు నన్ను బయట పెట్టమన్నాడు. వీడియోలో బాగుంటుంది, ఉండనీ అంది హిమజ. నాకెంత మర్యాద అని పొంగిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

లోపల జనం రుచి చూడ్డానికి ముక్కలు పెట్టే బల్ల ఉంది. నీలం బూజు పట్టిన చీజ్ ముక్క ఆమె నోట్లో పెట్టి ముగ్గురూ ఫోన్లు ఎత్తారు. తర్వాత చేదు ఆలివ్ కాయ. ఆ తర్వాత పచ్చి చేప. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మింగు నూకరత్నం. రుచి తెలియకుండా రేపెలా వండుతావ్?" అంది హిమజ.

అదీ నిజమే అనుకుందా పిచ్చిది! కళ్లనీళ్లు కారుతుండగా మింగి, బాగుందండమ్మగారూ అంది. మొదటిసారి వీడియో సరిగ్గా రాలేదని చేప మళ్లీ తినిపించారు. చదువుకున్నవాళ్ల సరదాలు ఇలా ఉంటాయి.

నవ్వులయ్యాక, ఆస్పరాగస్ నాలుగు కట్టలు మంచివి ఏరి తెమ్మన్నారు. ఆకుపచ్చటి సన్న కాడలు చూడగానే ఆమె ప్రాణం లేచి వచ్చింది. ఎంతైనా కూరలు కదా, ఈ పని తనకు తెలుసు. కట్టలు విప్పి, ఒక్కో కాడకూ కొన టప్పున విరిచింది. అద్దంలాంటి నేల మీద పారేయడానికి మనసొప్పక కొనలన్నీ నాలో వేసింది. కాడలనూ నన్నూ తెచ్చి బల్ల మీద అమ్మగారి ముందు పెట్టింది.

"ఒక్కటీ ముదురు లేదండమ్మగారూ. అన్నీ ఇరిచి చూసేను."

ఆ కూరలో కొనలకే విలువట. దుకాణంలో మిగిలినవి ఆ నాలుగు కట్టలేనట. మేనేజరు వచ్చాడు, చుట్టూ జనం చేరారు. హిమజ మొహం మాడిపోయింది.

"ఇక ఇంటికి రాకు. నీ బట్టలు గేటు దగ్గర పెట్టిస్తా."

"మరి నేనెక్కడికెళ్లాలండీ?" అంది నూకరత్నం.

ఆమె వంగి, నాలోంచి ఒక కొన తీసి, కాడకు ఆనించి చూసింది. అతుకుతుందా? ఇంకొకటి తీసేలోగా గార్డు రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. నేను బల్ల మీదే ఉండిపోయాను. ఆమె మళ్లీ నాకు కనిపించలేదు.

దుకాణంవాళ్లు నన్ను కడిగి, నిమ్మకాయలు నింపి, అందానికి అద్దాల దగ్గర పెట్టారు. కొన్నాళ్లకు హిమజ వచ్చి నన్ను చూసి మురిసిపోయింది. చేత్తో అల్లినదంటే ఆ కళే వేరంది. ఎర్ర ముడిని వేలితో నిమిరి, అడిగి మరీ కొనుక్కుంది. తను వెళ్లగొట్టినామె బుట్టేనని ఆమెకు తట్టనేలేదు.

ఇప్పుడు ఆ ఇంటి భోజనాల బల్ల పైన కొక్కేనికి వేలాడుతున్నాను. వచ్చినవాళ్లందరికీ హిమజ ఆ వీడియో చూపిస్తుంది. నిన్నా చూపించింది. నూకరత్నం పచ్చి చేప మింగుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. ఆమె మోచేతికి వేలాడుతూ, ఎర్ర ముడితో సహా, నేను చక్కగా కనిపిస్తున్నాను. ఒకావిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని తలెత్తింది. నన్ను చాలాసేపు చూసింది.

"బుట్ట భలే ఉందే," అంది. "ఎక్కడ కొన్నావ్?"