గేటు దగ్గర లెక్క

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే చేత్తో ఆడే ఆట. కాలితో ఆడేదాన్ని సాకర్ అంటారు. ఈ సంగతి తెలిసిన నాడే దత్తాత్రేయకు ఆ దేశం మీద సగం గౌరవం పోయింది. మిగతా సగాన్ని నిలబెట్టింది గ్లెన్‌ఫోర్డ్ సాకర్ క్లబ్బు.

గ్లెన్‌ఫోర్డ్ పెన్సిల్వేనియా కొండల మధ్య చిన్న ఊరు. ఆయన కూతురు నీహారిక అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. భార్య పోయాక, 2009లో, ఆయన సికింద్రాబాద్ నుంచి కూతురి దగ్గరికి వచ్చేశాడు. ముప్పై రెండేళ్ళు రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసిన మనిషి. వయసులో ఉన్నప్పుడు లోకో షెడ్ ఫుట్‌బాల్ టీముకి రైట్ బ్యాక్ ఆడాడు. ఆ టీము ఎప్పుడో చెదిరిపోయింది. దాని కోసం ఏడ్చినవాడు ఒక్కడూ లేడు.

గ్లెన్‌ఫోర్డ్‌లో అలా కాదు. 1923లో గాజు ఫ్యాక్టరీ కార్మికులు పెట్టుకున్న క్లబ్బది. వారమంతా కొలిమి దగ్గర చేతులు కాల్చుకుని, శనివారం ఆ కట్లతోనే ఆడేవాళ్ళట. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, సినిమా హాలు మూతపడింది, రైలు రావడం మానేసింది. క్లబ్బు మాత్రం జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకుని, ఓ చిన్న ప్రొఫెషనల్ లీగ్‌లో పరువుగా ఆడుతూనే ఉంది. దాన్ని నడిపేది డోనా అనే యాభై దాటిన ఆవిడ. ఆఫీసు గోడల నిండా పాత ఫోటోలు. అందులో ఒకదాన్ని ఆమె కొత్తవాళ్ళందరికీ చూపించేది. గేటు దగ్గర వాళ్ళ నాన్న, ఆయన చేతుల్లో గుడ్డల మూట. ఆ మూటలో మూడు వారాల డోనా.

"నాకంటే చిన్న అభిమాని ఈ క్లబ్బుకి ఇంతవరకూ రాలేదు" అనేది గర్వంగా.

గేటు దగ్గర సాయానికి మనిషి కావాలని ఆమె అడిగితే, దత్తాత్రేయ పెళ్ళికొడుకులా తయారై వెళ్ళాడు. జీతం లేని పని. లోపలికి వచ్చే జనాన్ని లెక్కపెట్టాలి. నొక్కినప్పుడల్లా అంకె మారే చిన్న మిషను చేతికిచ్చి, రూల్స్ కాగితం కూడా ఇచ్చింది డోనా. తాతకు దగ్గులు నేర్పినట్టుంది అనుకున్నాడు ఆయన. పండగ రోజుల ప్యాసింజరు బండ్లలో తలలు లెక్కపెట్టినవాడికి రూల్సా? కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. అది అక్కడే ఉండిపోయింది.

మూడేళ్ళు ఆ గేటు ఆయనదే. ఊరంతా "హాయ్ దత్తా" అంటూ లోపలికి వెళ్ళేది. తండ్రులు భుజాల మీద, తల్లులు గుండెకి కట్టుకుని పసిపిల్లల్ని తెచ్చేవాళ్ళు. పరాయి పిల్లల బుగ్గలు గిల్లొద్దని నీహారిక ఎంత మొత్తుకున్నా ఆయన విన్నది లేదు. పెద్దవాళ్ళకి మిషను మీద ఒక నొక్కు, పసివాళ్ళకి బుగ్గ మీద ఒక గిల్లు. అంత సంతోషంగా ఆయన రైల్వేలో కూడా పని చెయ్యలేదు.

2012లో లీగ్ వాళ్ళు ఉత్తరం రాశారు. ఆ సీజన్లో సొంత గ్రౌండులో ఆడే పదిహేను మ్యాచ్‌లకీ కలిపి, మ్యాచికి సగటున వెయ్యిమంది రావాలి. రాకపోతే ప్రొఫెషనల్ హోదా రద్దు. హోదా పోతే స్పాన్సర్లు ఉండరు, స్పాన్సర్లు లేకపోతే క్లబ్బూ ఉండదు. ఊరు ఊరంతా కదిలింది. చర్చిలో పాస్టరు చెప్పాడు. మంచాన పడ్డ ముసలివాళ్ళని చక్రాల కుర్చీల్లో తోసుకొచ్చారు. ఆఖరి మ్యాచి రోజు కుండపోత వాన. అయినా వచ్చారు.

సగటు తొమ్మిది వందల ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. మ్యాచికి పన్నెండు మంది తక్కువ.

"ఇంకో నూట ఎనభై సార్లు నొక్కు, దత్తా. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు గ్రౌండు చూసుకునే ఎర్ల్.

దత్తాత్రేయ ముఖం కందగడ్డ అయింది. "ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఒక్క దొంగలెక్క రాయలేదు" అన్నాడు తన రైల్వే ఇంగ్లీషులో.

డోనా ఆ అంకె వైపే చూస్తూ అడిగింది, "ఎవరూ తప్పిపోలేదు కదా?"

"ఒక్క తల కూడా."

"అయితే అంతే. మా నాన్న కూడా అబద్ధం ఆడేవాడు కాదు" అని లెక్క రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. దాని కింద దత్తాత్రేయ పెట్టాడు.

నవంబరులో క్లబ్బు మూసేశారు. ఆటగాళ్ళు తలో దిక్కూ పోయారు. గ్రౌండును గోడౌన్లు కట్టేవాళ్ళు కొనుక్కున్నారు. ఆ చలికాలమంతా దత్తాత్రేయ కిటికీ దగ్గర కూర్చుని గడిపాడు. ఎన్నడూ లేనిది, లోకో షెడ్ టీము గుర్తొచ్చి దానిక్కూడా ఏడ్చాడు.

మంచు కరిగాక ఒకనాడు ఒళ్ళో కొడుకుని ఆడిస్తూ నీహారిక అంది, "నాన్నా, సాటర్‌డే సిటీల పెద్ద మ్యాచ్ ఉంది. టికెట్స్ బుక్ చేసిన. బాబును గూడ తీస్కపోదాం. నువ్విట్ల ఇంట్లనే కూసుంటే నాకు మస్తు వర్రీ అయితుంది."

అక్కడ గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో అదే మిషను. దత్తాత్రేయ లోపలికి అడుగుపెట్టాడు. టిక్. వెనకే నీహారిక. టిక్. ఆమె చంకలో ఎనిమిది నెలల బాబు. టిక్.

ఆయన ఆగిపోయాడు. "బాబుకి టికెట్ లేదమ్మా."

"టికెట్ అక్కర్లేదు సార్. కానీ లెక్కలోకి వస్తాడు" అని నవ్వింది ఆ అమ్మాయి. "లోపలికొచ్చిన ప్రతి మనిషీ లెక్కే."

రైల్లో ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. టికెట్ లేని పసివాడు లెక్కలోకి రాడు. ఆయన చెయ్యి ముప్పై రెండేళ్ళుగా అలాగే అలవాటుపడింది. గ్లెన్‌ఫోర్డ్ గేటు దగ్గర ఒక్క పసిబిడ్డకి కూడా ఆయన మిషను నొక్కలేదు. ఎంత లేదన్నా మ్యాచికి ఇరవై మంది ఉండేవాళ్ళు. కావలసింది పన్నెండు.

ఆట ఎవరు గెలిచారో ఆయనకు తెలియదు. ఇంటికి రాగానే కోటు జేబులోంచి రూల్స్ కాగితం తీశాడు. రెండో వాక్యంలోనే ఉంది, వయసుతో నిమిత్తం లేదని.

"ఏమైంది నాన్నా?"

"క్లబ్బును నేనే సంపిన బిడ్డా."

నీహారిక కాగితం చదివి, మడిచి ఆయన చేతికిచ్చింది. "ఇప్పుడు చెప్తే ఏమొస్తది నాన్నా? అంతా అయిపోయింది. డోనా ఇంకా హర్ట్ అయితది. వదిలెయ్."

"సంతకం నాది. నేనే చెప్పాలె."

మర్నాడు వెళ్ళేసరికి డోనా ఆఫీసులో నిచ్చెన మీద నిలబడి గోడ మీది ఫోటోలు దింపుతోంది. ఆ వారంలో గది ఖాళీ చెయ్యాలి. దత్తాత్రేయ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, ఏదీ దాచకుండా. చెప్పి, మడతలు పడిన కాగితం బల్ల మీద పెట్టాడు.

డోనా నిచ్చెన దిగింది. కాగితం ముట్టుకోలేదు. దింపిన ఫోటోల దొంతరలోంచి ఒకటి తీసి, దుమ్ము తుడిచి, అందులోని గుడ్డల మూటను చూసింది.

"మూడు వారాలు" అంది. "అయితే నన్ను కూడా లెక్కపెట్టేవాడివి కాదన్నమాట."

అబద్ధం ఆడడం ఆయనకు చేతకాదు. "లెక్కపెట్టేవాణ్ణి కాదు" అన్నాడు.

తిడితే బాగుండుననిపించింది. బయటికి పొమ్మన్నా బాగుండును. ఆమె రెండూ చెయ్యలేదు. ఫోటో పక్కన పెట్టి మళ్ళీ నిచ్చెన ఎక్కింది.

"పట్టుకో, ఊగుతోంది" అంది కిందికి చూడకుండానే.

ఆయన ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఆమె ఒక్కొక్కటీ అందిస్తున్న ఫోటోలను రెండో చేత్తో అందుకున్నాడు. అన్నింట్లోనూ జనం, ఆ జనం చంకల్లో పసిపిల్లలు. దత్తాత్రేయ వాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడో ఫోటోకే కళ్ళు మసకబారి లెక్క తప్పింది.