మూతెడు సముద్రం

ఆబిడ్స్ బేకరీలో ఆనంద్ పాల్ ముప్ఫై ఏళ్ళుగా గడియారం చూడకుండానే బిస్కెట్లు కాలుస్తున్నాడు. అంతా ముక్కుతోనే. ఆ ముక్కు మీద ఆయనకు కాస్త గర్వం ఉండేది, ఉంటే తప్పేమీ లేదు. మొన్నటి జ్వరం ఆ ముక్కులోని వాసనంతా పట్టుకుపోయింది. వారంలో నాలుగు ట్రేలు మాడాయి.

యజమాని శ్యామ్‌సుందర్ మంచివాడు కాబట్టి కసరలేదు. "సోమవారం నుంచి కౌంటర్ల కూసో పాల్, భట్టీ కాడ ఇంకొకర్ని చూస్కుంట" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆనంద్ పాల్‌కు.

బేకరీకి రోజూ వచ్చే కోదండరామయ్య సారు సంగతి విని ఒక దగ్గు సిరప్ సీసా చేతిలో పెట్టాడు. "ఇది ముక్కుకు తగలకపోతే ఇంకేదీ తగలదు."

నాంపల్లిలో వాళ్ళది మూడో అంతస్తు. భార్య డోర్కాస్ మెదక్ మిషన్ దవాఖానలో నర్సుగా చేసింది. మూత తీసి వాసన చూసింది. టించరు, పొగ, ఉప్పు. దవాఖానదే, అనుమానం లేదు. పెళ్ళినాడు సంఘం ముందు సారా ముట్టబోమని ప్రమాణం చేసే కుటుంబాలు వాళ్ళవి. వేరే అనుమానం ఎలా వస్తుంది? మరిగే నీళ్ళలో ఒక మూతెడు పోసి, మొగుడి తల మీద దుప్పటి కప్పింది.

ఆవిరి లేచింది, గదిలోకి సముద్రం వచ్చింది. చల్లగా, చీలమండల దాకా, కాస్త నాచుతో. పది నిమిషాలుండి వెళ్ళిపోయింది.

"అక్కా, నీళ్ళొచ్చే ముందల జర చెప్పు, బియ్యం సంచి పైన పెట్టుకుంట" అంది కింది వాటా కమల. మర్నాటి నుంచి డోర్కాస్ చెప్పే పోసింది.

మొదటిరోజు ఆనంద్ పాల్‌కు ఏమీ తెలియలేదు. రెండోరోజు తడిమట్టి కాలిన పొగ. తర్వాత ఉప్పు, టించరు. శుక్రవారం వాటన్నిటి వెనకాల వేయించిన బార్లీ తీపి. "మొదలు కసిరి, తర్వాత అన్నం పెట్టే మేనత్త లెక్కుంది" అని నవ్వాడు. కానీ చాయ్ వాసన లేదు, రొట్టె వాసన లేదు. ఆ సీసా వాసన ఒక్కటే.

శనివారం సాయంత్రం కోదండరామయ్య మెట్లెక్కి వచ్చాడు. "విస్కీ ఎట్లుందమ్మా? అది చేసే దీవిల బురదమట్టి ఎండబెట్టి కాల్చి, దాని పొగల బార్లీ ఆరబెడ్తరు. గుండె ఆపరేషనైనంక ఇంట్ల తిడ్తరని సిరప్ సీసాల దాచిన."

ఆయన వెళ్ళాక డోర్కాస్ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. తెల్లారితే చర్చిలో ప్రభు భోజనం ఆదివారం. సీసాలో ఇంకొక మూతెడు ఉంది.

"పారబొయ్యి డోర్కాస్. కౌంటర్లనే కూసుంట" అన్నాడు ఆనంద్ పాల్, మొహం అటు తిప్పుకుని.

ఆమె ఆ మొహం వైపు చూసింది. కమలకు కేకేసి చెప్పి, లేచి స్టవ్ వెలిగించింది.

"దేవునికి నేను చెప్పుకుంట. మీరు తల వంచుర్రి."

ఈసారి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఉన్నట్టుండి ఆయన దుప్పటి విసిరేశాడు. "కమల ఇంట్ల పాలు అడుగంటుతున్నయ్."

"ఇల్లంతా పొగ వాసనే గదా, అదే అయ్యుంటది."

"గీ పొగ నాకు ఎరికె. అది వేరు."

డోర్కాస్ చీర ఎత్తిపట్టి, మెట్ల మీద జారుతున్న నీళ్ళతో పాటే కిందికి దిగింది. కమల బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్ళినట్టుంది, తలుపు తెరిచే ఉంది. గిన్నెలో పాలు గోధుమరంగుకు తిరుగుతున్నాయి. స్టవ్ ఆపింది.

కాసేపటికి పైనుంచి ఆయన గొంతు వినబడింది. "ఆపినవు గదా, వాసన తగ్గుతున్నది."

డోర్కాస్ ఆ పరాయి వంటింట్లో, ఇంకా వెనక్కి పోని ఆ నీళ్ళలోనే కూలబడి, తనివితీరా ఏడ్చింది.