నడిమింట్ల పత్తి

సాలమ్మ ఇంట్లో పత్తికి ఉన్న మర్యాద మనుషులకు లేదు. ఆమె, భర్త దుర్గయ్య బచ్చన్నపేట పక్కనున్న తమ ఊళ్లో పండించిన పంటంతా నడిమింట్లో దూలాల దాకా పేర్చి ఉంది. చెప్పులతో ఆ గదిలోకి ఎవరూ పోకూడదు, పత్తి మీద కాలు పెట్టకూడదు. అగ్గి భయంతో దాని ముందు దీపం ముట్టించలేదు గానీ, లేకపోతే సాలమ్మ ఆ ముచ్చటా తీర్చుకునేదే.

వేరే ఏళ్లలో ఏరిన పత్తిని ఏరినట్టే మిల్లుకు తోలేవాళ్లు. ఈసారి రేటు పెరుగుతుందని దుర్గయ్య మొండికేశాడు. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, ఎండలు ముదిరాయి. పత్తి కదల్లేదు.

మాఘంలోనే కొడుకు నరేందర్‌కు పెళ్లయి, యమున ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమె తండ్రిది భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని. క్వార్టర్లలో పెరిగిన పిల్ల కాబట్టి ఇంట్లో ఇంత పత్తిని ఎప్పుడూ చూడలేదు. వచ్చిన కొన్నాళ్లకే చేతుల మీద, మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. రాత్రి పగలు గోక్కునేది.

"గిది గజ్జి. పుట్టింటికాన్నుంచే తెచ్చింది" అని సాలమ్మ తేల్చేసింది. ఆమె అట్లా తేల్చాక ఆ ఇంట్లో ఎదురు చెప్పేవాళ్లు లేరు. యమునకు సబ్బు వేరు, తువ్వాల వేరు, కంచం వేరు అయ్యాయి. కొడుక్కి అంటుకుంటుందని వాణ్ని వాకిట్లో పడుకోమంది. కోడలి మంచం తీసుకెళ్లి నడిమింట్లో పత్తిని ఆనించి వేయించింది. ఆ గదిలోకి ఎవరూ ఎక్కువగా రారు కదా అని ఆమె తెలివి.

దాంతో దురద ఇంకా ఎక్కువైంది.

"అత్తమ్మా, పత్తి కాడ పండుకుంటెనే లేస్తున్నది. జర మంచం బయట ఏసుకుంట" అని యమున ఒకరోజు మెల్లగా అడిగింది.

సాలమ్మకు ఒళ్లు మండింది. "లక్ష్మి మీద నెపం పెడ్తున్నవా? గిన్నేండ్ల సంది పత్తి ఏరుతున్నం, మాకెన్నడన్న దురద లేచిందా? నీ రోగం నీతోనే వచ్చింది!"

ఇంత వరకైతే నాలుగు గోడల మధ్య ఉండేది. మరిది మనవడి పుట్టెంట్రుకలు తీసినరోజు సాలమ్మ నోరు గడప దాటింది. నున్నటి గుండుతో ఆ పసివాడు యమున వైపు చూసి నవ్వి చేతులు చాచాడు. యమున కూడా చేతులు చాచింది. ఆమె ముట్టుకోకముందే సాలమ్మ అడ్డం పడింది. "ఎత్తకు! పోరనికి గజ్జి అంటుకుంటది!"

భోజనాల దగ్గర కూర్చున్న ఆడవాళ్లంతా తలలు తిప్పారు. యమున చాచిన చేతులు అట్లాగే కొంగు కిందికి పోయాయి. మళ్లీ బయటికి రాలేదు. అన్నం కూడా తినలేదు. రెండు రోజులకు నరేందర్ ఆమెను భూపాలపల్లిలో దింపి వచ్చాడు. తల్లితో మాట్లాడడం మానేశాడు, అది తప్ప ఏమీ చేయలేదు. అంతకుముందే నాలుగు మాటలు మాట్లాడి ఉంటే బాగుండేది.

కోడలు పోయింది గానీ దురద పోలేదు. ముందు దుర్గయ్య వీపు గోడకు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత సాలమ్మ చేతులు. "పోయేది పోక రోగం మనకు అంటబెట్టి పోయింది" అని తిట్టుకుంటూనే ఆమె భర్తను తీసుకుని జనగామలో చర్మం డాక్టరు దగ్గరికి పోయింది.

డాక్టరు ఆమె చేతులు ఒక్కసారి చూశాడు. "ఇంట్ల పత్తి నిలువ ఉన్నదా అమ్మా?"

"ఉన్నది సారూ. ఇంట్ల గాకపోతే ఏడ పెడ్తం?"

"ఎండకాలం దాకా పెడ్తిరా? దాంట్ల కంటికి కానరాని పురుగు పడ్తది. కొందరికి ముందుగాల లేస్తది, కొందరికి ఆలస్యంగ లేస్తది. బయట కూసున్నోళ్లను సూడు, ఎక్కువ మంది మీలెక్క పత్తోళ్లే."

సాలమ్మ అడిగింది. "ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటదా సారూ?"

"అంటుకునేది కాదమ్మా. పత్తి తీసేస్తే అదే తగ్గుతది. బట్టలు, బొంతలు మసిలే నీళ్లల్ల వేసి ఎండల ఆరేయి. పొడి చీపురుతోని ఊడువకు, దుమ్ము లేస్తది. తడిబట్టతోని తుడువు."

బస్సులో దుర్గయ్య మందుల సంచి ఒళ్లో పెట్టుకుని రేటు సంగతి ఎత్తాడు. పత్తిని ఇప్పుడు బయట పెడితే గాలివాన కొడుతుందన్నాడు, ఇంకొన్నాళ్లు ఆగుదామన్నాడు.

సాలమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. "కోడల్ని బయట పెట్టినం గద, పత్తిని పెట్టరాదా?" అంది.

తెల్లారి పత్తి అంతా కొట్టంలోకి పోయింది, పైన టార్పాలిన్ కట్టారు. సాలమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని నడిమింటి తలుపులు, కిటికీలు తెరిచింది. గోడలు తుడిచింది, దూలాలు తుడిచింది. కాగులో నీళ్లు మసలబెట్టి బొంతలన్నీ ఉడికించింది. యమున పడుకున్న మంచాన్ని వాకిట్లోకి లాగుతుంటే, మంచానికి పత్తికి మధ్య సందులో పాత చీరలు కుక్కి కనిపించాయి. పత్తి తన మీదికి రాకుండా ఆ పిల్ల తన చీరలే అడ్డం పెట్టుకుంది. సాలమ్మ ఆ చీరలు ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే విప్పి మడతపెట్టింది. పిల్ల నోరు తెరిచి చెప్పింది, చెవిన పెట్టలేదు. పరాయి పిల్ల కాబట్టి పత్తి కంటే తక్కువైంది, అంతే.

ఇల్లు ఆరాక సాలమ్మ ఒక్కతే బయల్దేరింది. హన్మకొండలో బస్సు మారింది. దారి పొడుగునా, వియ్యపురాలు తలుపు దగ్గరే నిలబెట్టి కడిగేస్తుందని అనుకుంటూ పోయింది. కడిగేస్తే బాగుండని కూడా అనుకుంది.

యమున తల్లి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "ఎండల పడి వస్తివా వదినె! ఫోన్ చేస్తే మేమే పిల్లను తోల్కొద్దుం గద. పిల్లకు పానం బాగలేదని నువ్వే సూసి, కొన్ని రోజులు అమ్మ కాడ ఉండుపో అని తోలిచ్చినవట. గట్ల సూసుకునే అత్త దొరుకుడు అదృష్టమే."

సాలమ్మ యమున వైపు చూసింది. లోపలి గుమ్మంలో, అన్న బిడ్డను చంకనెత్తుకుని నిలబడి ఉంది. చేతులు నున్నగా ఉన్నాయి, మచ్చ కూడా లేదు. ఆమె నేల చూస్తోంది. ఇంట్లో ఏమీ చెప్పలేదు. తను ఊరి ముందు కోడలి పరువు తీస్తే, కోడలు ఇక్కడ తన పరువు కాపాడింది.

"ఇగో, అమ్మమ్మ వచ్చింది పో" అని యమున తల్లి పసిపాపను సాలమ్మ వైపు తిప్పింది. పాప చేతులు చాచింది.

సాలమ్మ చప్పున రెండు చేతులూ కొంగులో దాచుకుంది. వాటి మీద ఇంకా ఎర్రటి దద్దుర్లు ఉన్నాయి. "వద్దు... వద్దు, నాకు చేతులు బాగలేవు" అంది. అంటున్నప్పుడే ఆమెకు పుట్టెంట్రుకల పందిరి గుర్తొచ్చింది.

యమున దగ్గరికి వచ్చింది. అత్త చేతులు కొంగులోంచి బయటికి తీసి ఒకసారి చూసింది. "ఏంగాదు అత్తమ్మా. ఇది అంటుకునేది కాదు" అని పాపను ఆమె చేతుల్లో పెట్టింది.

సాలమ్మ పాపను పట్టుకుని అక్కడే కింద కూర్చుంది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఇక్కడ ఎవరికీ తెలియదు, కోడలు చెప్పేటట్టు లేదు. కానీ ఊరుకుంటే ఆ చేతుల్లో పాపను పట్టుకోలేననిపించింది.

"వదినె, నీ బిడ్డ నీకు అబద్ధం చెప్పింది. నేను తోలియ్యలే. నేనే..."

ఊరంతటి ముందు అంత తేలిగ్గా వచ్చిన మాట, ఆ తల్లి ముందు బయటికి రాలేదు. యమున "అత్తమ్మా, ఇడువు" అంది. సాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"గజ్జి అన్న వదినె. నీ బిడ్డను అందరి ముందల గజ్జిది అన్న" అని, పాప నెత్తి మీద ముఖం దాచుకుని ఏడ్చింది.