ఎనిమిదో ముక్క

ఒక్క కామా, చీమ కాలంత గుర్తు, అదీ తను పెట్టింది కాదు, పెట్టింది వివరాల సిస్టర్, మరి తనెందుకిలా బొటనవేలి గోరు కొరుక్కుంటూ కూర్చోవాలి అనుకుంటూనే ఆమె ఆ ఫైలును మళ్లీ మొదటి వరుస నుంచి చదవసాగింది, కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆరేళ్లుగా తను కూర్చునే కంప్యూటరు గదిలో, ఏసీ నీళ్లు బకెట్లో టపటపా పడుతుంటే, నూట పన్నెండో వరుస దగ్గరికి రాగానే చూపు దానంతటదే నిలిచిపోయింది, కుట్టుపని చేసే మనిషి, వయసు యాభై రెండు, కుడికంట్లో ఒత్తిడి చాలా ఎక్కువ, వెంటనే పిలిపించాలి, పక్కన ఫోన్ నంబరు, చిరునామా గడిలో బేకరీ వెనక సందు, మేడ మీది గది, మిషను చప్పుడుకి పిలిస్తే వినబడదు, తలుపు గట్టిగా కొట్టండి, ఎంత శ్రద్ధగా రాసిందీ నర్సు, పేటలన్నీ తిరిగి కళ్లు పరీక్షించే ఆ నర్సుకు వివరాల సిస్టర్ అని పేరు పెట్టి నవ్వుకున్నది ఈ గదిలోనే, నవ్విన వాళ్లలో తనే ముందుంది, ఆవిడ ఫైలొచ్చిందంటే నవలొచ్చిందన్నమాటే అనేది, ఆ నవలలోని ప్రతి కామా దగ్గరా తన కోడ్ వరుసను కోసుకుంటూ పోయింది, అది చేసే పనే అంత, నర్సులు షీట్‌లో కొట్టి టెక్స్ట్ ఫైలుగా పంపిన, ఆసుపత్రికి పిలిపించాల్సిన వాళ్ల పేర్లను ఒక్కో వరుసే చదివి, కామా కనబడ్డ చోటల్లా కోసి, వచ్చిన ఏడు ముక్కల్నీ ఆసుపత్రి పట్టికలో ఏడు గళ్లలో సర్దుతుంది, కింద రిసెప్షన్ వాళ్లు ఆ పట్టిక చూసే ఫోన్లు చేస్తారు, పట్టికలో లేని మనిషికి ఫోన్ లేదు, ఎనిమిదో ముక్క వచ్చిన వరుసకు పట్టికలో చోటు లేదు.

ఈ ఉదయం కంటి డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడు ఆమె టీ కప్పు నోటి దగ్గర పెట్టుకుని ఉంది, ఈవిడ పేరు మీ లిస్టులో లేదేంటమ్మా, ఐదు నెలల కిందటే మన సిస్టర్ చూసి అర్జెంటని రాసిందట, ఒక్కసారి చూసి చెప్పు, చూస్తాను మేడమ్, ఆవిడకెలా ఉంది, ఎలా ఉండడమేంటి, కుడికన్ను పోయింది, ఇంక తిరిగిరాదు, డాక్టరమ్మ గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది, అలసట తప్ప ఏమీ లేదు, కప్పు బల్లమీద పెట్టేటప్పుడు టీ తొణికి కీబోర్డు మీద పడింది, తుడుస్తూనే ఆమెకు అంతా తెలిసిపోయింది, ఫైలు తెరవకముందే, వెతకకముందే, ఎందుకంటే ఆ రెండు లైన్లు రాసింది తనే, వరుసలో ఏడుకు మించి ముక్కలుంటే దాన్ని వదిలేసి ముందుకు పో, ఎర్రక్షరాలతో తప్పు చూపించకు, ఆగకు, ఎవరికీ చెప్పకు, కోడ్‌లో అంత పొడుగ్గా ఉండదు, రెండంటే రెండే లైన్లు, కానీ అర్థం అదే, ఆ వేళ అవి రాసి నడిపితే తెరమీద ఫైలు దిగుమతి పూర్తయిందని పచ్చగా వెలిగింది, హమ్మయ్య అనుకుంది, వెన్ను విరుచుకుంది, పాపం ఆ రోజు పాపకు జ్వరం కదా, స్కూలు నుంచి ఫోన్ మీద ఫోన్, ఏ తల్లికైనా చేతులు ఆడతాయా, ఆ మాట మనసుకు ఎంత హాయిగా ఉందో, దాన్ని పట్టుకునే అరగంట కూర్చుంది, తర్వాత చెయ్యి ఊరుకోక ఆ లైన్లు రాసిన తేదీ తీసి చూసింది, పాప జ్వరం ఆ మర్నాడు, స్కూలుకు పెట్టిన సెలవు చీటీ మీద తేదీ ఉంది, మరి ఆ రోజు తొందరేమిటి, గుర్తొచ్చేసరికి ముఖం మీద చల్లనీళ్లు కొట్టినట్టయింది, కర్టెన్లు, కొత్తింటి హాల్లోకి కర్టెన్లు ఎంచడానికి ఆయన కింద బండి ఆపుకుని ఉన్నాడు, ఇంకెంతసేపు అంటే వస్తున్నా వస్తున్నా రెండు నిమిషాలు అంది, లేతాకుపచ్చ, అంచున సన్న గీత, కొన్నాక ఆ రంగు తనకే నచ్చలేదు.

అవి ఎన్ని వరుసలో లెక్కేసి చూస్తే అరవై మూడు, అన్నీ వివరాల సిస్టర్‌వే, మిగతా బృందాలు బద్ధకంగా వీధిపేరు ఒక్కటి కొట్టి పంపితే అవన్నీ చక్కగా ఎక్కాయి, ఆవిడ పెట్టిన శ్రద్ధే ఆవిడ మనుషుల్ని బయటికి తోసింది, కాదు, శ్రద్ధ ఎందుకు తోస్తుంది, తోసింది తను, అంతలో వెనక నుంచి సెంటు వాసన, వచ్చింది తన పైఅధికారి ఫర్లేదు సార్, ఏం జరిగినా ఫర్లేదు ఫర్లేదు అంటాడని ఆ పేరు, ఆయన ఆమె కుర్చీ వెనక నిలబడి తెరమీదికి వంగి అంతా చదివాడు, గొంతు తగ్గించి, ఫర్లేదమ్మా, గాభరా పడకు, కామాలున్న గడికి రెండు పక్కలా కొటేషన్ గుర్తులు ఉన్నాయిగా, వాటిని గుర్తుపట్టేలా కోడ్ మార్చి అరవై మూడూ మళ్లీ ఎక్కించెయ్, ఎక్కిన తేదీ మాత్రం పాతదే వెయ్యి, మనం ఫోన్లు చేశాం, వాళ్లే ఎత్తలేదనుకుంటారు అందరూ, తలూపింది, సిగ్గులేకుండా తలూపింది, ఆయన వెళ్లాక కోడ్ మార్చింది, ఎంతసేపు, పది నిమిషాలు, పది నిమిషాల పని, అరవై మూడు వరుసలూ బుద్ధిగా ఏడేసి గళ్లలో కూర్చున్నాయి, తేదీ గడిలో కర్సరు కొట్టుకుంటోంది, పాత తేదీలో మొదటి అంకె నొక్కింది, రెండోది నొక్కబోతే వేలు కదల్లేదు, ఎత్తలేదనుకుంటారు, అంటే తప్పు ఆ కుట్టుమిషను మీదికి, ఆ మేడగది మీదికి, నొక్కిన అంకె చెరిపి ఇవాళ్టి తేదీ వేసింది, లేచింది, ఆవిడ ఇంకా ఆసుపత్రిలోనే ఉందేమోనని మెట్లు దిగింది.

కింద వరండాలో ఇనప బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒకావిడ కుడికంటి మీద గాజుగుడ్డ కట్టు, జాకెట్టు భుజాన గుచ్చి మరిచిపోయిన రెండు గుండుసూదులు, చూడగానే ఈవిడే అని తెలిసింది, పక్కనున్నది చెల్లెలట, తను వెళ్లి వాళ్ల ఎదురుగా నిలబడింది, అమ్మా, మీ పేరు మా కంప్యూటర్‌లో ఎక్కలేదమ్మా, ఎక్కించాల్సింది నేనే, నేను రాసినదాంట్లోనే తప్పుంది, అందుకే మీకు ఫోన్ రాలేదు, ఇంతే వచ్చింది నోట్లోంచి, చెల్లెలు దిగ్గున లేచింది, ఎంత తేలిగ్గా చెప్తున్నావమ్మా, నీ కన్నైతే తెలిసేది, అక్క ఒంటికంటితో సూదిలో దారమెక్కించలేక పొద్దున ఎంతేడ్చిందో నువ్వు చూశావా, తిట్టండి, ఇంకా తిట్టండి అని మనసులో వేడుకుంది, తిట్టినకొద్దీ ఏదో బరువు దిగుతున్నట్టుంది, అక్కగారు మాత్రం చెల్లెలి చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఉన్న కన్నెత్తి చూసింది, ఊరుకోవే, పాపం తనే వచ్చి చెప్పింది, తప్పు నీదొక్కదానిదే ఎందుకవుద్ది తల్లీ, నేను మాత్రం ఒకసారి వచ్చి అడగొద్దూ, ఆ సిస్టరేమో రిపోర్టు ఆస్పత్రికి పంపుతాను, చూపించుకోవాల్సిందేమైనా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారంది, వారం చూశా, రెండు వారాలు చూశా, రాలేదు, హమ్మయ్య అనుకున్నా, ఏమీ లేదు కాబట్టే చెయ్యలేదని సంబరపడ్డా, కళ్లు మసకేసినప్పుడల్లా కొత్త బల్బు తెచ్చి పెట్టుకున్నా, మూడు బల్బులు మార్చానమ్మా, ఆస్పత్రోళ్లే ఏం లేదన్నారని వీధిలో అందరికీ చెప్పా కూడా.

హమ్మయ్య, అదే మాట, కింద బండి హారన్ మోగుతుంటే తను అన్న మాటే, ఆవిడ అక్కడ ఆ మేడగదిలో ఫోన్ వంక చూసి అనుకుంది, పొద్దున్నుంచీ తనేదో వదిలేశానని, చెయ్యాల్సింది చెయ్యలేదని, అంతవరకే కదా తన తప్పు అని కొలుచుకుంటూ ఉంది, ఆవిడ క్షమించేస్తే ఈ కొలత పూర్తవుతుందని కాబోలు ఇక్కడిదాకా వచ్చింది, కానీ ఆవిడకు కబురు అందకపోవడమేమిటి, అందింది, నీకేం లేదు, నిశ్చింతగా కుట్టుకో అని తనే చెప్పింది, ఆ రెండు లైన్లతో, అరవై మూడు ఇళ్లకు, డాక్టరు మాటకన్నా గట్టిగా నమ్మేలా చెప్పింది, వాళ్లు నమ్మారు, మిగిలిన అరవై ఇద్దరూ ఈ క్షణాన కూడా నమ్ముతూనే ఉన్నారు, దీపం మార్చుకుంటూ, కళ్లజోడు తుడుచుకుంటూ, నాకేం లేదట అని పక్కింటివాళ్లతో చెప్పుకుంటూ, రిసెప్షన్ బల్ల దగ్గరికి నడిచి ఖాళీగా ఉన్న ఫోన్ అందుకుని కొత్తగా ఎక్కిన జాబితాలో మొదటి నంబరు నొక్కింది, తను క్షమాపణ చెప్పడానికి ఫోన్ చెయ్యడం లేదు, ఐదు నెలల కిందట చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి చేస్తోంది.