ట్యాంకు పడుకునే గది

ట్యాంకుని పీచుతో రుద్దకూడదు. లోపల గీత పడితే ఆ గీతలో క్రిములు చేరతాయని క్రిస్ మొదటిరోజే చెప్పాడు, నేను నర్సునన్న సంగతి మరిచిపోయి. మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్ళు. కింద గరాటులా సన్నబడే చోట వాల్వు విప్పాలి. దాని లోపలి రబ్బరు రింగు తీయాలి. అడుగున బిగించిన సీసాలో పేరుకున్న ఈస్టు మడ్డిని బాత్రూంలో ఒంపి, వాసన పోయేదాకా నీళ్ళు కొట్టాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దుటిపూట, ఎండ హాల్లోకి వచ్చేసరికి, నేను ఆ గరాటులోకి భుజం దాకా చెయ్యి పెట్టి ఉండేదాన్ని.

"నీ చెయ్యి సన్నం కదా సుజీ, అడుగుదాకా వెళ్తది" అనేవాడు క్రిస్. పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి పట్టుకుని ఇదే మాట అన్నప్పుడు నేను సిగ్గుపడ్డాను.

రాస్ తనూరాలో క్రిస్ పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో ఒక పెద్ద ఇంజినీరు దేశం వదిలి వెళ్తూ ఆ ట్యాంకు ఇతనికి ఇచ్చిపోయాడు. పైన మనిషి నడుమంత లావు, కింద ములుకు, నిలబెట్టడానికి మూడు కాళ్ళ స్టాండు. గాజులా కనబడే ప్లాస్టిక్కు. మందు అమ్మని అరబ్బు దేశం కదా, మాల్టు డబ్బాలూ పంచదారా ఈస్టూ పోసి ఇంట్లోనే బీరు పులియబెట్టుకోవడం అక్కడ కొంతమంది మగవాళ్ళకి గుట్టుగా సాగే సరదా. దొరికితే జైలు, తర్వాత దేశం నుంచి పంపేయడం. మేముండే ఇల్లు హాస్పిటల్ వాళ్ళు నాకిచ్చిన క్వార్టరు. ఏం జరిగినా ముందు అడిగేది నన్నే. ఆ మాట అంటే క్రిస్ నవ్వేవాడు. "నర్సమ్మ ఇంటిని ఎవడనుమానిస్తాడే? అందుకే కదా ఇది సేఫు."

ఆ ఇంట్లో పడకగది ఒక్కటే. దాని కిటికీకి నల్లగుడ్డ కట్టింది క్రిసే. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, పగటి నిద్ర పట్టక కళ్ళు ఉబ్బిపోయి తిరుగుతుంటే, బజారంతా గాలించి మందపాటి గుడ్డ తెచ్చాడు. అంచులకి టేపు వేసి, లైటు ఆర్పి, "చూడు, నీ చెయ్యి నీకే కనపడదు" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. తన సెలవు రోజుల్లో నేను పడుకుంటే చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగేవాడు. కుక్కరు విజిల్ రాకముందే పరిగెత్తి కట్టేసేవాడు. ఇవన్నీ జరగలేదని నేను ఎప్పటికీ అనలేను. జరిగాయి కాబట్టే ఇంతకాలం పట్టింది.

ట్యాంకుకి వెలుతురు తగిలితే రుచి చెడుతుందట. వేడెక్కకూడదట. కదపకూడదట. ఆ మూడూ కుదిరే గది మా ఇంట్లో ఒకటే ఉంది. మంచం విప్పి గోడకి ఆనించి, దాని చోట ట్యాంకు పెట్టి, "మనిద్దరికీ హాలు చాలదా ఏంటి?" అన్నాడు. నేను తలూపాను. మా ఊరి బళ్ళో టీచరమ్మ ఏమడిగినా అలాగే తలూపేదాన్ని. ఆ రోజు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నోరు తెరిచి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

హాలుకి బాల్కనీ వైపు గోడంతా అద్దమే. తొమ్మిదింటికల్లా అందులోంచి ఎండ దుప్పటి కిందికి కూడా వచ్చేది. లిఫ్టు గంట, పక్కింటి పిల్లల అరుపులు. అవన్నీ దాటుకుని కళ్ళు మూతపడేవేళకి క్రిస్ ఫోను. "సుజీ, పడుకున్నావా? ఒక్కసారి లోపలికెళ్ళి థర్మామీటరు చూసి చెప్పవా?" రాత్రంతా వార్డులో మనుషుల టెంపరేచర్లు చూసి వచ్చి, పొద్దున బీరు టెంపరేచరు చూసేదాన్ని. తలుపు తీయగానే ఏసీ చల్లదనం మొహానికి తగిలేది. ట్యాంకు చీకట్లో నిశ్చింతగా ఉండేది. అక్కడే నేల మీద కూలబడదామనిపించేది. కానీ పులిసిన వాసన భరించలేక తలుపు మూసి హాల్లోకి వచ్చేసేదాన్ని.

నరసాపురం నుంచి మా అత్తగారు దీనమ్మ ఫోను చేసేది. "ఆడది పగలు తొంగుంటే కొంపెవరు చూత్తారమ్మా? మావోడు బయట తిరుగుళ్ళు తిరక్కుండా ఇంట్లోనే ఏదో సరదా పెట్టుకున్నాడంటే నీ అదురుష్టం అనుకో." ఆ సరదా ఏమిటో ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నాలు క్రిస్‌తో పనిచేసే ప్రసాద్ వచ్చేవాడు, వెంట ఇంకో ఇద్దరు ముగ్గుర్ని తీసుకుని. నేను చాప చుట్టేసి, చికెన్ వేయించి, గ్లాసులు పెట్టేదాన్ని. "మావోడి చేతిలో ఏదో ఉంది వదినా! ఒక్క గుక్క చాలు, భీమవరం కనపడతంది" అనేవాడు ప్రసాద్. నేను ఆవలింత ఆపుకుంటుంటే చూసి, "అదేంటొదినా, నైట్ డ్యూటీ అంటే ఏసీలో కునుకు తీసి జీతం తీసుకోడమేగా" అన్నాడు ఒకసారి. అందరూ నవ్వారు. క్రిస్ నా వైపు చూశాడు, కాదంటాడనుకున్నాను. అతనూ నవ్వాడు.

అలాంటి ఒక శుక్రవారం తర్వాత, తెల్లవారుజామున, ఒక బెడ్డుకి ఇవ్వాల్సిన ఇన్సులిన్ పట్టుకుని పక్క బెడ్డు ముసలావిడ చొక్కా చెయ్యి పైకి లాగాను. సూది చర్మానికి ఆనబోతుండగా నాతో డ్యూటీలో ఉన్న షైని నా మణికట్టు పట్టుకుంది. "అక్కా! ఈవిడకి షుగరే లేదు!" అంది గొంతు తగ్గించి. ముసలావిడ మా ఇద్దరినీ చూసి నవ్వి, అరబీలో ఏదో దీవించింది. నేను మందుల గదిలోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఇంటికి రాగానే క్రిస్‌కి చెప్పాను. శనివారం, సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. "ప్రాణం పోయేదండీ. ఆవిడ ప్రాణం." అతను నిజంగానే కంగారుపడ్డాడు. "ఏం కాలేదు కదా? ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు కదా? మరింకెందుకే ఏడవడం" అని వీపు నిమిరాడు. నిమురుతూనే అన్నాడు, "నిన్నటినుంచి బుడగలు తగ్గినయ్, చూశావా?"

అప్పుడే బెల్లు మోగింది. ఏసీ ఫిల్టర్లు మార్చే ముస్తాక్. క్రిస్ నన్ను వంటగదిలోకి వెళ్ళమని సైగ చేసి తలుపు కొంచెమే తెరిచాడు. "బెడ్‌రూం తర్వాత చూద్దువుగాని భాయ్. మేడమ్ లోపల పడుకుంది. రాత్రంతా డ్యూటీ" అని హిందీలో చెప్పాడు. నేను వంటగదిలో, నిన్నటి గ్లాసులు చేతిలో పట్టుకుని వింటున్నాను.

"అరె, మాఫ్ కరో" అన్నాడు ముస్తాక్. గొంతు ఒక్కసారిగా గుసగుసగా మారింది. హాలు ఏసీ చూడ్డానికి నిచ్చెన లోపలికి తెస్తూ, అది గుమ్మానికి తగలకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. బూట్లు బయటే విప్పాడు. స్క్రూ కింద పడబోతే అరచేత్తో పట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, తలుపు చప్పుడు కాకుండా తనే లాగి మూశాడు. నేను లేని ఆ గదిలో నా నిద్ర చెడకూడదని, నా మొహం కూడా ఎరగని మనిషి అంత జాగ్రత్తపడ్డాడు. కుళాయి తిప్పాను, క్రిస్‌కి నా ఏడుపు వినిపించకుండా.

"గండం గడిచింది" అని క్రిస్ వచ్చి నా భుజం తట్టాడు. "నీ నైట్ డ్యూటీ భలే పనికొస్తది."

ఆ బ్యాచ్ పులుపెక్కి పాడైంది. క్రిములు పట్టాయేమో, ఈసారి బాగా శుభ్రం చెయ్యమని చెప్పి సోమవారం డ్యూటీకి వెళ్ళాడు. నేను రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఉన్నాను. మెదడు నిద్రపోయినా చేతులు పనిచేస్తాయి. ట్రైనింగులో నా చేతులకి నేర్పింది ఒకటే, క్రిమి ఉంటే మరిగించాలి. పెద్ద గిన్నెతో నీళ్ళు తెర్లబెట్టి, ట్యాంకు నిండా పోశాను. ఆవిరి తగ్గి చూసేసరికి దాని గోడలు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ములుకు ఒక పక్కకి వంకరపోయింది. వాల్వు దగ్గర నీళ్ళు కారుతున్నాయి. కావాలని చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదు. కావాలని చేసేంత ఓపిక కూడా అప్పుడు నాలో లేదు.

సాయంత్రం క్రిస్ దాని ముందు నేల మీద కూర్చుండిపోయాడు. తిట్టలేదు. వంకరపోయిన చోట అరచేయి వేసి మెల్లగా నిమిరాడు. ఎవరైనా పోయినప్పుడు మనుషులు అలా నిమురుతారు. "గోరువెచ్చని నీళ్ళని ఎన్నిసార్లు చెప్పానే? కళ్ళు మూసుకుని చేశావా?"

"అవునండీ" అన్నాను.

తర్వాత లేచి, నా మీద దయతోనే, నిజంగా దయతోనే, అన్నాడు: "పోనీలే. ప్రసాద్ బహ్రెయిన్ వెళ్తన్నాడు. ఇంకోటి, కొంచెం పెద్దది, తెమ్మంటాను. ఈసారి కడగడం నేను చూసుకుంటాలే. నీకు శ్రమ ఉండదు."

నాకు కావలసింది అదేననుకున్నాడు. అతని మొహంలో అంత సంతృప్తి ఉంది. నల్లగుడ్డ కట్టిన రోజు ఉన్న మొహమే. ఆ మొహానికి నేనేం చెప్పినా అర్థం కాదని, చెప్పాల్సిన రోజులు కూడా దాటిపోయాయని తెలిసి, నాకు కోపం రాలేదు, దిగులు వేసింది.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా హౌసింగ్ ఆఫీసుకి వెళ్ళాను. ఫారూఖ్ అని హైదరాబాదీ, క్వార్టర్లు చూసేది ఆయనే. పెళ్ళికాని నర్సుల హాస్టల్లో ఒక గది ఇప్పించమన్నాను.

"ఫ్యామిలీ క్వార్టర్ వదిలితే మళ్ళీ దొరకదు సిస్టర్. ఎంతమంది క్యూలో ఉన్నారో తెల్సు కదా. మరి సార్?"

"ఆయనకి కంపెనీ క్యాంపులో మంచం ఉంది."

ఆయన నా కళ్ళ కింది నలుపు చూశాడో ఏమో, ఇంకేమీ అడగలేదు. "షైని సిస్టర్ ఉండే ఫ్లోరులో ఒకటి ఖాళీ ఉంది. చిన్నది" అన్నాడు.

"నిశ్శబ్దంగా ఉంటుందా?"

"అందరూ నైట్ డ్యూటీలే సిస్టర్. పగలు అక్కడ ఎవ్వరూ మాట్లాడరు."

ఆ సాయంత్రం క్రిస్ బస్సు దిగి వచ్చేసరికి నా బట్టలు సూట్‌కేసులో ఉన్నాయి. ఈ నెలాఖరుకి క్వార్టరు అప్పజెప్పాలని చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత సూట్‌కేసు చూశాడు. ట్యాంకు కోసమా అన్నాడు. ఒక్క ట్యాంకు కోసం కాపురం కూలుస్తావా, మా అమ్మకేం చెప్పను, ప్రసాద్ వాళ్ళేమనుకుంటారు అన్నాడు. అన్నీ విన్నాను. వాటిలో ఒక్క మాట నా గురించి ఉంటే ఆగేదాన్నేమో. నిజం చెప్పాలంటే ఆగాలనే చూశాను. సూట్‌కేసు జిప్పు లాగడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తీసుకున్నాను.

చివరికి, "నన్నొదిలేసి పోతన్నావా సుజీ?" అన్నాడు.

"కాదండీ" అన్నాను. "పడుకోవడానికి వెళ్తున్నాను."